బిడ్డకు తండ్రి పేరు – చట్టం చూపే దారి



జూన్ నెల వస్తే తిరుత్తణి, పళ్ళిపట్టు, తిరువళ్ళూరు ప్రాంతాల్లో పిల్లల్ని బడిలో చేర్పించే హడావిడి మొదలవుతుంది. బడిలో అడిగే మొదటి మాట 'బిడ్డ పేరేమిటి?' అని. రెండో మాట 'ఇనిషియల్ ఏమిటి?' అని. సరిహద్దుకు అవతల నగరిలోనో పుత్తూరులోనో అయితే ఇంటిపేరు అడుగుతారు. ఇక్కడ తండ్రి పేరులో మొదటి అక్షరం అడుగుతారు. చాలామంది ఈ ప్రశ్నకు ఆలోచించకుండానే జవాబు చెప్పేస్తారు. కాని ఆ ప్రశ్న దగ్గర తల వంచుకుని నిలబడే తల్లులు కూడా కొందరుంటారు. తండ్రి ఎవరో ఆ తల్లికి తెలుసు, ఊరికీ తెలుసు. కాగితం మీద మాత్రం ఆయన పేరు లేదు. ఆయన 'నాకేం సంబంధం' అంటున్నాడు, లేదా ఊరు విడిచి వెళ్ళిపోయాడు.

పెళ్ళి కాకుండా బిడ్డ పుట్టినప్పుడు ఆ బిడ్డకు తండ్రి ఎవరో చట్టప్రకారం ఎలా తేలుతుంది, తేలితే బిడ్డకు ఏం దక్కుతుంది అన్న విషయం ఈ రోజు మాట్లాడుకుందాం. ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. పెళ్ళి అన్నది ఆలుమగల మధ్య విషయం. తండ్రి బాధ్యత బిడ్డకు సంబంధించిన విషయం. మొదటిది లేదన్నంత మాత్రాన రెండోది పోదు. మన చట్టంలో ఈ సంగతి స్పష్టంగా ఉంది. అయితే ఏ హక్కు ఏ దారిలో వస్తుందో తెలుసుకోకపోతే ఆ చట్టం మనకు ఉపయోగపడదు.

మన దేశంలో 'ఈ బిడ్డకు తండ్రి ఇతనే' అని ముద్ర వేసి ఇచ్చే ఆఫీసంటూ ఏదీ లేదు. కొన్ని విదేశాల్లో తల్లీ తండ్రీ ఒక ఫారం మీద సంతకం చేస్తే చాలు, అతను చట్టరీత్యా తండ్రి అయిపోతాడు. ఇక్కడ అలాంటి ఏర్పాటు లేదు. మన దగ్గర ఈ విషయం మూడు చోట్ల కనబడుతుంది. ఒకటి, జనన రిజిస్టరు. రెండు, మనోవర్తి అడిగే కోర్టు. మూడు, పితృత్వాన్ని ప్రకటించమని వేసే సివిల్ దావా. వీటి బలం ఒకలాంటిది కాదు. ఒక్కొక్కదాన్నే చూద్దాం.

అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అసలు పెళ్ళి కాలేదన్నది నిజమేనా?

ఇదేం ప్రశ్న అనుకోకండి. సరిహద్దు ప్రాంతం వాళ్ళకు ఇది చాలా ముఖ్యం. తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ సిఫార్సుల మీద 1959లో చట్టం చేసి, 1960 ఏప్రిల్ 1న ఈ ప్రాంతాన్ని అప్పటి మద్రాసు రాష్ట్రంలో కలిపారు. దానివల్ల మన చుట్టరికాలు గీతకు రెండు వైపులా ఉండిపోయాయి. పెళ్ళి చట్టంలో కూడా ఒక తేడా వచ్చింది. 1967లో మద్రాసు శాసనసభ హిందూ వివాహ చట్టానికి 7-ఎ అనే సెక్షను చేర్చింది. దాని ప్రకారం పురోహితుడు లేకపోయినా, హోమం లేకపోయినా, సప్తపది లేకపోయినా పెళ్ళి చెల్లుతుంది. బంధువులో, స్నేహితులో, మరెవరైనా నలుగురో ఉన్నప్పుడు ఇద్దరూ ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని తమకు అర్థమయ్యే భాషలో చెప్పుకోవాలి. లేదా దండలు మార్చుకోవాలి, లేదా ఉంగరం తొడగాలి, లేదా తాళి కట్టాలి. ఇందులో ఏది చేసినా చాలు. ఇలాంటి పెళ్ళి అందరికీ చాటి చెప్పి చేసుకోవలసిన పని లేదని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి మరమగ్గాల దగ్గర పని చేస్తున్నారు. ఇద్దరూ హిందువులే. ఇద్దరికీ పెళ్ళి వయసు వచ్చింది. అంతకుముందు ఎవరికీ పెళ్ళి కాలేదు. ఒక రోజు తిరుత్తణి కొండ కింద, ఇద్దరు స్నేహితులు చూస్తూ ఉండగా అతను ఆమెకు పసుపుతాడు కట్టాడు. రెండేళ్ళు కాపురం చేశారు. బిడ్డ పుట్టాక అతను 'అదేం పెళ్ళి? అయ్యవారు లేడు, మంత్రం లేదు, రిజిస్టరు లేదు' అన్నాడు. ఊళ్ళో వాళ్ళూ అదే నిజమనుకున్నారు. కాని తమిళనాడులో జరిగిన ఆ పెళ్ళి 7-ఎ సెక్షను కింద చెల్లే అవకాశం ఉంది. చెల్లితే ఆమె భార్య, బిడ్డ సక్రమ సంతానం. అప్పుడు పితృత్వం గొడవే ఉండదు. ఆ ఇద్దరు స్నేహితుల సాక్ష్యమే ఆ బిడ్డకు ఆస్తి. పెళ్ళి రిజిస్టరు చేయించుకోవాలని చట్టం చెబుతున్న మాట నిజమే. కాని రిజిస్టరు కాలేదన్న ఒక్క కారణం మీద పెళ్ళి చెల్లకుండా పోదు. ఇదే పని గీతకు అవతల ఆంధ్రప్రదేశ్‌లో జరిగి ఉంటే 7-ఎ వర్తించదు. అక్కడ ఇద్దరిలో ఒకరి కులాచారం ప్రకారమైనా తంతు జరిగి ఉండాలి. అందుకని తాళి ఎక్కడ కట్టారు, ఎవరు చూశారు అన్నది వకీలుకు మొదట చెప్పండి.

తాళి మాట రుజువు కాకపోయినా మరొక దారి ఉంది. ఆడ మగ చాలా ఏళ్ళు ఒకే కప్పు కింద భార్యాభర్తల్లా బతికితే, వాళ్ళు పెళ్ళి చేసుకున్నవాళ్ళేనని కోర్టు భావిస్తుంది. కాదన్నవాళ్ళే కాదని రుజువు చేయాలి. తమిళనాడు నుంచి వెళ్ళిన ఒక దావాలో 1992లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పి, ఆ జంట బిడ్డను సక్రమ సంతానంగా గుర్తించింది. 2022లో కేరళ నుంచి వెళ్ళిన మరో కేసులోనూ అదే చెప్పింది. అందుకని రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, బాడుగ రసీదు, ఆసుపత్రి చీటీ, ఇద్దరూ కలిసి దిగిన ఫోటో, ఇవన్నీ సాక్ష్యాలే. కోపంలో వాటిని చించేసుకోకండి.

సరే, పెళ్ళి నిజంగానే జరగలేదనుకుందాం. అప్పుడేం చేయాలి?

మొదటి మెట్టు జనన రిజిస్ట్రేషను. బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే రిజిస్టరు కావాలి. తిరుత్తణి అమ్మాయి కాన్పు కోసం తిరుపతి ఆసుపత్రికి వెళ్తే, పుట్టుక తిరుపతిలో నమోదవుతుంది. పుట్టిన 21 రోజుల్లోగా తెలియజేయాలి. ఆసుపత్రిలో పుడితే ఆసుపత్రివాళ్ళే సమాచారం పంపుతారు. గడువు దాటినా నమోదు చేయించుకోవచ్చు. కాని ఏడాది దాటితే మెజిస్ట్రేటు అధికారి ఉత్తర్వు కావాలి. తండ్రి పేరు తేలాక రిజిస్టరు చేయిద్దాంలే అని చాలామంది ఆగిపోతారు. అది పొరపాటు. తల్లి పేరుతోనే నమోదు చేయించవచ్చు. పెళ్ళి కాని తల్లి బిడ్డకు జనన ధ్రువపత్రం కావాలంటే, ఆమె ప్రమాణపత్రం తీసుకుని ఇవ్వాలని 2015 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. తండ్రి పేరు చెప్పమని ఆమెను ఒత్తిడి చేయకూడదని కూడా ఆ తీర్పు చెప్పింది. 2016 నుంచి పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు. 2018 నుంచి పాన్ కార్డుకు కూడా, తల్లి ఒంటరిగా పెంచుతున్న బిడ్డకు తండ్రి పేరు తప్పనిసరి కాదు. హిందువుల్లో పెళ్ళి కాని తల్లే ఆ బిడ్డకు మొదటి సహజ సంరక్షకురాలు. ఈ సంగతి 1956 నాటి చట్టంలోనే ఉంది.

అతను ఇష్టపడి తన పేరు రాయిస్తే మంచిదే. ఆసుపత్రిలో తండ్రిగా సంతకం చేసి ఉంటే అది గట్టి సాక్ష్యం. కాని ఒకటి గుర్తుంచుకోండి. రిజిస్టరులో పేరు ఉన్నంత మాత్రాన విషయం పూర్తిగా తేలినట్టు కాదు. అతను తర్వాత కాదంటే కోర్టే తేల్చాలి. అలాగే అతనికి చెప్పకుండా, మరెవరి చేతనో సంతకం పెట్టించి పేరు రాయించకండి. రేపు కోర్టులో అదే మీకు అడ్డం తిరుగుతుంది.

రెండో మెట్టు మనోవర్తి. ఆకలికి సంబంధించింది గనుక దీన్ని గట్టిగా చెప్పుకోవాలి. తగిన స్తోమత ఉన్న తండ్రి తన బిడ్డను పోషించకపోతే, నెలనెలా ఇంత ఇవ్వమని మెజిస్ట్రేటు ఉత్తర్వు చేయవచ్చు. కుటుంబ న్యాయస్థానం ఉన్న చోట అక్కడ అడగాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 125వ సెక్షను. 2024 జూలై 1 నుంచి దాని చోట భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో ఇది 144వ సెక్షను. బిడ్డ సక్రమమైనా అక్రమమైనా సరే అని చట్టంలోనే రాసి ఉంది. 'అక్రమం' అన్న మాట బిడ్డకు తగిలించడం వినడానికే బాధగా ఉంటుంది. బిడ్డ చేసిన తప్పేమీ లేదని సుప్రీంకోర్టు కూడా 2011లో చెప్పింది. మాట ఎలా ఉన్నా, అన్నం విషయంలో చట్టం తేడా చూపించలేదు. ఈ సెక్షను హిందువులకు, ముస్లింలకు, క్రైస్తవులకు అందరికీ వర్తిస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. తల్లి భార్య కాదు గనుక బిడ్డకూ ఏమీ రాదనుకుంటారు. అది తప్పు. ఆమెకు భార్యగా మనోవర్తి రాకపోయినా బిడ్డకు వస్తుంది. మొదటి భార్య ఉండగా రెండో పెళ్ళి చేసుకున్న ఒకతని కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇలాగే చెప్పింది. ఆ రెండో ఆమెకు ఇవ్వలేదు గాని, బిడ్డకు ఇచ్చే మొత్తాన్ని పెంచింది. ఒకప్పుడు నెలకు 500 రూపాయలకు మించి ఇవ్వరాదన్న హద్దు ఉండేది. 2001లో దాన్ని తీసేశారు. ఇప్పుడు తండ్రి సంపాదనను బట్టి, బిడ్డ అవసరాన్ని బట్టి కోర్టు నిర్ణయిస్తుంది. కేసు తేలేలోగా తాత్కాలిక మనోవర్తి కూడా అడగవచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంత వరకు దాన్ని తేల్చాలని చట్టం చెబుతోంది. 2020లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇరుపక్షాలూ తమ ఆదాయం, ఆస్తి, అప్పులు ప్రమాణపత్రంలో చెప్పాలి. మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి ఇవ్వాలి. కోర్టు ఉత్తర్వు అయినా డబ్బు కట్టకపోతే వారంటు వస్తుంది. కట్టని ఒక్కో నెలకు ఒక నెల దాకా జైలు ఉండవచ్చు. అయితే బాకీ పడిన ఏడాదిలోగా కోర్టును అడగాలి. ఆ గడువు దాటనివ్వకండి.

మరి అతను గీతకు అవతల ఉంటే? మన దగ్గర ఇది మామూలే. అమ్మాయిది ఆర్.కె. పేట, అతనిది నగరి. మనోవర్తి దరఖాస్తు అతను ఉన్న చోట వేయవచ్చు. లేదా బిడ్డ తల్లితో చివరిసారి కలిసి ఉన్న చోట వేయవచ్చు. ఇద్దరూ తిరువళ్ళూరులో బాడుగ ఇంట్లో ఉండి విడిపోతే తిరువళ్ళూరులోనే వేయవచ్చన్నమాట. అందుకే ఆ ఇంటి యజమాని సాక్ష్యం, బాడుగ కాగితం అవసరం. ఉత్తర్వు వచ్చాక, అతను ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి మెజిస్ట్రేటు దాన్ని అమలు చేయవచ్చు. రాష్ట్రం మారినంత మాత్రాన ఉత్తర్వు చచ్చిపోదు.

ఇంకో దారి గృహహింస చట్టం, 2005. పెళ్ళి లేకపోయినా పెళ్ళి వంటి సంబంధంలో ఒకే ఇంట్లో కలిసి బతికిన ఆడమనిషి ఈ చట్టం కింద తనకూ బిడ్డకూ మనోవర్తి అడగవచ్చు. తాను ప్రస్తుతం ఉంటున్న ఊళ్ళోనే, అది పుట్టినిల్లైనా సరే, అడగవచ్చు. అయితే ఇద్దరూ పెళ్ళికి అర్హులై ఉండాలని, లోకం ముందు ఆలుమగల్లా చెప్పుకోదగినంత కాలం బతికి ఉండాలని, తమిళనాడు నుంచే వెళ్ళిన ఒక కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. చాటుమాటుగా కలుసుకున్న సంబంధానికి ఈ చట్టం వర్తించదు. అలాంటప్పుడు కూడా బిడ్డకు 144వ సెక్షను దారి తెరిచే ఉంటుంది.

'అంతా బాగానే ఉంది గాని, అతను బిడ్డ నాది కాదంటే ఎలా రుజువు చేసేది?' అని మీరు అడుగుతారు. ఇప్పుడు రక్తపరీక్ష మాట చెప్పుకుందాం.

డి.ఎన్.ఎ. అనేది మన శరీరంలోని ప్రతి కణంలో ఉండే వంశలిపి లాంటిది. బిడ్డకు అందులో సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. తల్లి, బిడ్డ, తండ్రి అని చెబుతున్న మనిషి, ఈ ముగ్గురి నుంచి కాస్త రక్తమో, బుగ్గ లోపలి తడో తీసుకుంటారు. బిడ్డలో తల్లి నుంచి వచ్చిన గుర్తులు పక్కన పెడితే మిగిలినవి తండ్రివి కావాలి. చాలా చోట్ల పొసగకపోతే అతను తండ్రి కాడు. అన్నీ పొసిగితే నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకు పైగా అతనే తండ్రి.

మన దేశంలో ఇలాంటి పరీక్ష కోర్టుకు ఎక్కిన తొలి కేసుల్లో ఒకటి సరిగ్గా మనం చెప్పుకుంటున్నలాంటిదే. కేరళలోని తలశ్శేరిలో పెళ్ళి కాని ఒక తల్లి తన బిడ్డకు మనోవర్తి అడిగింది. అతను బిడ్డ తనది కాదన్నాడు. నమూనాలు మన హైదరాబాదుకు, సి.సి.ఎం.బి. సంస్థకు వచ్చాయి. అక్కడి శాస్త్రవేత్త డాక్టర్ లాల్జీ సింగ్ పరీక్ష ఫలితం గురించి సాక్ష్యం చెప్పారు. అతనే తండ్రి అని కోర్టు తేల్చింది. 1991లో కేరళ హైకోర్టు ఆ తీర్పును సమర్థించింది. పేరున్న లాయరో, పెద్ద ఆస్తో లేని ఒక తల్లి దరఖాస్తుతో ఆ దారి తెరుచుకుంది.

అయితే అడగగానే కోర్టు పరీక్షకు పంపిస్తుందనుకోకండి. ఊరికే అనుమానం మీద రక్తపరీక్షకు ఆదేశించకూడదని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు మీరు కొంత ఆధారం చూపించాలి. వాళ్ళిద్దరి మధ్య సంబంధం ఉందనడానికి ఉత్తరాలు, ఫోటోలు, ఫోనులో సందేశాలు, అతను పంపిన డబ్బు వివరాలు, చూసినవాళ్ళ సాక్ష్యం ఉండాలి. ప్రైవేటుగా చేయించుకున్న పరీక్షకు అంత విలువ ఉండదు. కోర్టు ఆదేశం మీద, సీలు వేసి పంపిన నమూనాకే బలం ఎక్కువ.

ఆదేశం వచ్చాక కూడా అతను రానంటే? సరైన కారణం లేకుండా నిరాకరించినవాణ్ణి చూసి, నిజం బయటపడుతుందనే భయపడుతున్నాడని కోర్టు అనుకోవచ్చు. అది అతనికి వ్యతిరేకంగా పని చేస్తుంది. పెద్ద పదవిలో ఉన్నవాళ్ళు కూడా దీన్ని తప్పించుకోలేకపోయారు. ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా 2007 నుంచి 2009 దాకా పని చేసిన ఎన్.డి. తివారీ మీద రోహిత్ శేఖర్ అనే యువకుడు 2008లో ఢిల్లీ హైకోర్టులో దావా వేశాడు. తివారీ తన తండ్రి అని ప్రకటించమన్నాడు. పరీక్షకు హైకోర్టు ఆదేశించినా తివారీ చాలాకాలం ఒప్పుకోలేదు. చివరకు 2012 మేలో రక్తం ఇవ్వక తప్పలేదు. పరీక్ష హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. సంస్థలో జరిగింది. ఆయనే తండ్రి అని 2012 జూలైలో ఫలితం బయటపెట్టారు. 2014లో తివారీ అతన్ని కొడుకుగా ఒప్పుకున్నారు. ఒక తండ్రి పేరు కోసం ఆరేళ్ళు పట్టింది. మన కేసులన్నీ అంత కాలం పట్టవు. కాని ఓపిక కావాలన్నది నిజం.

ఇదే మూడో మెట్టు, అంటే పితృత్వం ప్రకటించమని వేసే దావా. మనోవర్తి కోర్టు తిండి గురించి త్వరగా తేల్చే కోర్టు. అది 'ఇతనే తండ్రి' అన్నా, ఆస్తి విషయంలో అదే చివరి మాట కాదు. ఆస్తి గొడవ వచ్చేలా ఉంటే సివిల్ కోర్టులో గాని, కుటుంబ న్యాయస్థానంలో గాని దావా అవసరమవుతుంది. ముందు మనోవర్తి, తర్వాత అవసరమైతే దావా. చాలామందికి ఇదే అనువైన వరస.

ఆస్తి సంగతి దాచకుండా చెప్పాలి. ఇక్కడే ఎక్కువ ఆశలు, ఎక్కువ మోసాలు. ఇప్పుడు చెప్పేది హిందువులకు సంబంధించిన చట్టం.

మొదటి భార్య ఉండగా రెండో పెళ్ళి చేసుకున్నాడనుకోండి. ఆ పెళ్ళి చెల్లదు. కాని ఆ పెళ్ళికి పుట్టిన బిడ్డను హిందూ వివాహ చట్టం 16వ సెక్షను సక్రమ సంతానంగానే చూస్తుంది. ఆ బిడ్డకు తండ్రి వాటాలో హక్కు ఉందని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల బెంచి తేల్చింది. లెక్క ఇలా ఉంటుంది. ఒక తండ్రికీ మొదటి భార్య కొడుక్కీ కలిపి 6 ఎకరాల పిత్రార్జితం ఉంది. వీలునామా రాయకుండా తండ్రి చనిపోయాడు. చనిపోయే ముందు పంచుకున్నట్టు లెక్క కడితే తండ్రి వాటా 3 ఎకరాలు. ఆ 3 ఎకరాలు మొదటి భార్యకు, ఆమె కొడుక్కి, రెండో ఆమె బిడ్డకు ఒక్కో ఎకరం చొప్పున వస్తాయి. రెండో ఆమెకు భార్యగా వాటా రాదు. కొడుకు సొంత 3 ఎకరాల్లో ఆ బిడ్డకు హక్కు లేదు.

ఏ రకమైన పెళ్ళీ జరగకపోతే మాత్రం 16వ సెక్షను సాయం చేయదు. అలాంటి బిడ్డ తల్లి ఆస్తికి పూర్తి వారసుడు. తండ్రి వీలునామా రాయకపోతే ఆయన ఆస్తిలో వాటా అడగడం కష్టం. అయినా తండ్రి చనిపోయాక కూడా, కొడుకైతే మైనారిటీ తీరేదాకా, కూతురైతే పెళ్ళయ్యేదాకా, ఆయన వదిలిన ఆస్తి నుంచి పోషణ అడిగే హక్కు 1956 చట్టంలో ఉంది. బిడ్డ మీద ప్రేమ ఉన్న తండ్రులు వింటుంటే మీకు ఒక మాట. మీ స్వార్జితంలో బిడ్డకు కొంత ఇవ్వాలనుకుంటే బతికుండగానే వీలునామా గాని సెటిల్‌మెంటు గాని రాయండి. మనసులో ఉంటే సరిపోదు, కాగితం మీద ఉండాలి.

ఇక కొన్ని జాగ్రత్తలు చెబుతాను.

ఊరి పెద్దమనుషులు కూర్చుని, ఇంత డబ్బు పుచ్చుకుని ఇకమీద బిడ్డ విషయం ఎత్తనని రాయించుకుంటారు. తల్లి ఆ కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. తన తిండి హక్కును బిడ్డ ఎవరికీ రాసివ్వలేదు. తల్లి రాసిచ్చినా అంతటితో బిడ్డ హక్కు పోదు. కాబట్టి అలాంటి కాగితం ఇదివరకే రాసి ఉన్నా అధైర్యపడకండి. వకీలుకు చూపించండి.

అమ్మాయికి 18 ఏళ్ళు నిండకపోతే ఇది మనోవర్తి సంగతి మాత్రమే కాదు. 2012 నాటి పోక్సో చట్టం కింద అది నేరం. ఆమె ఇష్టపడిందన్న మాట అక్కడ చెల్లదు. దాన్ని పంచాయతీలో సర్దుబాటు చేయడానికి ఎవరికీ అధికారం లేదు. పెళ్ళి చేసుకునే ఉద్దేశం లేకుండానే చేసుకుంటానని నమ్మించి కలిసినవాడి మీద కూడా ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షను కింద కేసు పెట్టవచ్చు. కాని ఆ కేసు వేరు, బిడ్డ మనోవర్తి వేరు. ఒకటి నిలవకపోయినా రెండోది నిలవవచ్చు.

తల్లికి అప్పటికే వేరొకరితో పెళ్ళై ఉంటే పరిస్థితి మారుతుంది. పెళ్ళి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని సాక్ష్య చట్టం భావిస్తుంది. పాత చట్టంలో ఇది 112వ సెక్షను, కొత్త చట్టంలో 116. ఆ రోజుల్లో భార్యాభర్తలు కలుసుకునే వీలే లేదని రుజువు చేస్తే తప్ప వేరొకరిని తండ్రి అనలేమని 2025 జనవరిలో కూడా సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి వాళ్ళు వకీలును అడగకుండా అడుగు వేయకండి.

వకీలుకు డబ్బెక్కడిది అంటారా? 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా న్యాయసేవల సంస్థలో గాని, మీ తాలూకా కోర్టులో గాని అడగండి. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. ఆపదలో ఉన్న ఆడవాళ్ళకు 181, పిల్లలకు 1098 ఉన్నాయి. ఇక్కడి కోర్టుల్లో కాగితాలు తమిళంలో నడుస్తాయి. మీకు తమిళం చదవడం రాకపోతే సిగ్గుపడకండి. ప్రతి దరఖాస్తునూ తెలుగులో చదివి చెప్పించుకున్నాకే సంతకం గాని వేలిముద్ర గాని వేయండి. తేదీలు, ఊళ్ళ పేర్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఏ ఊళ్ళో కాపురం ఉన్నారన్న ఒక్క మాట తప్పుగా పడితే దరఖాస్తు వేరే కోర్టుకు పోవలసి వస్తుంది.

చివరిగా చుట్టుపక్కల వాళ్ళకు ఒక మనవి. ఇలాంటి కేసుల్లో సాక్ష్యం మీ దగ్గరే ఉంటుంది. తాళి కట్టింది చూసిన స్నేహితుడు, బాడుగకిచ్చిన ఇంటాయన, కాన్పు రోజున అతన్ని ఆసుపత్రిలో చూసిన పక్కింటి అవ్వ. 'మనకెందుకులే' అని మీరు ఊరుకుంటే ఒక బిడ్డ నోటి దగ్గర అన్నం ఆగిపోతుంది. మీరు కోర్టుకు ఒక పూట వచ్చి చూసింది చూసినట్టు చెబితే చాలు. బడిలో ఇనిషియల్ అడిగినప్పుడు ఆ బిడ్డ తల వంచుకోకుండా జవాబు చెబుతుంది.